తైబజారు తీసుకునేవాడి పూచీ

ఫోన్‌లో యాప్‌లు దొరికే చోటును మనం ప్లే స్టోర్ అంటున్నాం, ఐఫోన్ ఉన్నవాళ్లు యాప్ స్టోర్ అంటున్నారు. స్టోర్ అంటే దుకాణమే గానీ అది ఒకరి దుకాణం కాదు, లక్షల మంది దుకాణాలు పెట్టుకునే సంత. వనపర్తి జిల్లాలోని మన పెబ్బేరు పశువుల సంతనే తీసుకోండి. ఎడ్లను తోలుకొచ్చేవాడు ఒకడు, కొనుక్కుపోయేవాడు ఒకడు. మధ్యలో తైబజారు వసూలు చేసే గుత్తేదారు ఉంటాడు. రుసుము తీసుకుని రశీదు రాసేది అతనే. సంతలో దొంగసొత్తు చేతులు మారిందని తెలిశాక "నా రుసుము నేను తీసుకున్న, మిగతాది నాకెందుకు" అంటే చుట్టుపక్కల ఏ ఊరూ ఒప్పుకోదు. యాప్‌ల సంతకు పెద్ద గుత్తేదారులు ఇద్దరే, గూగుల్, యాపిల్. ఆ పూచీ వాళ్ల మీద చట్టంగా పడాలన్నది నా వాదన. ఇంకో మాట కూడా ఉంది. పూచీ అనగానే "పిల్లవాడి వయసెంత" అన్న ప్రశ్న దగ్గరికి అందరూ పరుగెడుతున్నారు. అంతకన్నా ముందు అడగాల్సిన ప్రశ్న "ఈ యాప్ మన దగ్గర ఏం తీసుకుంటోంది" అన్నది.

ఇది ఎక్కడో అమెరికా గొడవ అనుకోకండి. 2020 డిసెంబరు గుర్తు చేసుకోండి. లాక్‌డౌన్‌లో పనులు పోయి, జీతాలు సగమై, చేతిలో రూపాయి ఆడని రోజులు. ఆ సమయంలో అప్పుల యాప్‌లు వచ్చాయి. కాగితం లేదు, జామీను లేదు, బ్యాంకు మెట్లెక్కే పని లేదు, నిమిషాల్లో ఖాతాలో డబ్బు. పడేది కూడా మొత్తం కాదు. ప్రాసెసింగ్ ఫీజనీ, జీఎస్టీ అనీ ముందే కోసుకుని మిగిలింది వేసేవాళ్లు. వారం తిరిగేసరికి మాత్రం పూర్తి సొమ్ము కట్టాలి. జామీను లేదన్నది కూడా అబద్ధమే. యాప్ వేసుకునేటప్పుడు "కాంటాక్టులు చూడొచ్చా, ఫొటోలు చూడొచ్చా" అని అడిగితే "అలౌ" అని నొక్కాం కదా, ఆ నొక్కుడే జామీను. గడువు దాటితే మేనమామకు, ఆఫీసులో పై అధికారికి, కిరాణా కొట్టు ఆయనకు ఫోన్లు పోయేవి. బంధువులందరినీ కలిపి వాట్సాప్ గ్రూపు కట్టి, అందులో ఫొటో పెట్టి దొంగ అని రాసేవాళ్లు. ఆడపిల్లల ఫొటోలు మార్ఫింగ్ చేసేవాళ్లు. ఆ డిసెంబరులో తెలంగాణలో కొద్ది రోజుల తేడాతోనే పలువురు ప్రాణాలు తీసుకున్నారు. హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు కేసులు పెట్టి, ఇక్కడా గురుగ్రామ్‌లోనూ కాల్ సెంటర్ల మీద దాడులు చేశారు. సుమారు కోటీ నలభై లక్షల లావాదేవీల్లో 21,000 కోట్ల రూపాయలు చేతులు మారాయని అప్పట్లో పోలీసులు చెప్పిన లెక్క.

ఆ యాప్‌లు దొంగచాటుగా ఎవరో పంపిన లింకుల్లోనే దొరికాయా అంటే, కాదు. చాలావరకు ప్లే స్టోర్‌లోనే, నక్షత్రాల రేటింగులతో సహా కనబడ్డాయి. పైగా సంత గుమ్మానికి అప్పటికే ఒక నియమం ఉంది. అరవై రోజుల లోపే మొత్తం తీర్చమనే వ్యక్తిగత అప్పుల యాప్‌లకు చోటు లేదని గూగుల్ నిబంధనల్లోనే రాసుంది. ఈ యాప్‌లు వివరాల పేజీలో మూడు నెలల గడువని రాసేవి, లోపలికి పోతే ఏడు రోజులు. ఎవరైనా ఒక్కరు దాన్ని ఫోన్‌లో వేసుకుని ఒక్క అప్పు అడిగి చూస్తే బయటపడే మోసం ఇది. పోలీసు కేసులు పడి, పత్రికల్లో గోల అయ్యాక 2021 జనవరిలో తొలగింపులు ఊపందుకున్నాయి. అదే నెలలో రిజర్వు బ్యాంకు ఒక కార్యబృందాన్ని వేసింది. ఆ జనవరి, ఫిబ్రవరి రెండు నెలల్లో ఎనభైకి పైగా యాప్ స్టోర్లను గాలిస్తే సుమారు 1,100 అప్పుల యాప్‌లు తేలాయి, వాటిలో 600 అక్రమమైనవి. దేశమంతా ఈ విషయమే మాట్లాడుకుంటున్న రోజుల్లో తీసిన లెక్క ఇది. తర్వాత 2021 ఏప్రిల్ నుంచి 2022 జూలై దాకా గూగుల్ 2,500కు పైగా, మళ్లీ 2022 సెప్టెంబరు నుంచి 2023 ఆగస్టు దాకా 2,200కు పైగా అప్పుల యాప్‌లను తీసేసిందని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. ఒకటి పీకితే ఇంకో పేరుతో మరొకటి మొలిచిందని ఈ లెక్కలే చెబుతున్నాయి. ఫోన్‌లోని కాంటాక్టులు, కాల్ లాగ్‌లు, ఫైళ్ల జోలికి అప్పుల యాప్‌లు పోకూడదని రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరు 2న మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ పైన, 2023 మే 31 నుంచి వ్యక్తిగత అప్పుల యాప్‌లు కాంటాక్టులు, ఫొటోలు అడగడానికి వీల్లేదని గూగుల్ నియమం పెట్టింది. జామీనును లాగేసుకోవడమంటే అది. అయితే ఆ ఒక్క వాక్యం రాయడానికి దాదాపు రెండున్నరేళ్లు పట్టింది.

లక్షల యాప్‌లు ఉన్నచోట అన్నీ చూడటం ఎవరి తరం అంటారు కంపెనీల తరఫువాళ్లు. చేతకాకపోవడం వేరు, పట్టించుకోకపోవడం వేరు. 2019 ఏప్రిల్‌లో మద్రాసు హైకోర్టు టిక్‌టాక్ డౌన్‌లోడ్‌లను ఆపమంది. కోట్ల మంది వాడుతున్న ఆ యాప్ కొద్ది రోజుల్లోనే రెండు స్టోర్లలోనూ మాయమైంది, నెలాఖరుకు నిషేధం ఎత్తేశాక తిరిగొచ్చింది. 2020 సెప్టెంబరు 18న జూదం నిబంధన మీరిందంటూ గూగుల్ పేటీఎం యాప్‌నే తీసేసి కొన్ని గంటల తర్వాత మళ్లీ పెట్టింది. ఇక 2024 మార్చి 1. తమకు రావలసిన రుసుము దగ్గర పేచీ వచ్చి, పది భారతీయ కంపెనీల యాప్‌లను తీసేస్తున్నట్టు గూగుల్ ప్రకటించింది. భారత్ మ్యాట్రిమొనీ, నౌకరీ లాంటివి ఆ వేటు పడ్డవాటిలో ఉన్నాయి, ప్రభుత్వం కలగజేసుకున్నాక కొద్ది రోజుల్లో తిరిగొచ్చాయి. కోర్టు చెబితే రోజుల్లో, తన రుసుము ఆగితే ఒక్క రోజులో తలుపు మూయగలిగినవాళ్లకు, ఏడు రోజుల వడ్డీ వ్యాపారం కనబడటానికి మాత్రం మనుషులు చనిపోవలసి వచ్చింది. న్యాయంగా ఒక మాట ఒప్పుకుందాం, అప్పుల యాప్ ఇచ్చే అప్పు మీద స్టోర్‌కు నేరుగా కమీషను రాదు. ఆటల్లో కొనే నాణేల మీద, చందాల మీద వచ్చే పదిహేను నుంచి ముప్ఫై శాతం వేరు. కానీ యాప్‌లు జనానికి కనబడటానికి ఖర్చుపెట్టే ప్రకటనల డబ్బులో వాటా ఎవరికి పోతుందో వేరే చెప్పనక్కర్లేదు. సంతలో కొట్టు పెట్టడానికి గూగుల్ తీసుకునేది ఒక్కసారి 25 డాలర్లు. ఎవరు, ఎక్కడివారు, ఏం వ్యాపారం అన్న విచారణ గట్టిగా జరగాలంటే ఆ ఖర్చు పెట్టుకోవలసింది స్టోరే.

పిల్లల విషయానికి వద్దాం. యాప్ పేజీలో "మూడేళ్లు దాటినవారికి", "పన్నెండేళ్లు దాటినవారికి" అని ఒక గుర్తు కనిపిస్తుంది. ఆ గుర్తు ఎలా వస్తుందో చాలామందికి తెలియదు. యాప్ తయారుచేసినవాళ్లు ఒక ప్రశ్నావళి నింపుతారు, హింస ఉందా, జూదం ఉందా, బూతు ఉందా అని. వాళ్ల జవాబులను బట్టి గుర్తు పడుతుంది. "డేటా భద్రత" అన్న పట్టిక కూడా అంతే, మేము ఇవి తీసుకుంటాం, ఇవి తీసుకోము అని వాళ్లకై వాళ్లు రాసుకునేదే. 2023 ఫిబ్రవరిలో మొజిల్లా సంస్థ ప్లే స్టోర్‌లో బాగా నడుస్తున్న నలభై యాప్‌ల పట్టికలను ఆ యాప్‌ల సొంత ప్రైవసీ విధానాలతో పక్కపక్కన పెట్టి చూసింది. దాదాపు ఎనభై శాతం యాప్‌లలో రెండూ పొసగలేదు. స్టోర్ తన గోడ మీద అతికించిన పట్టికను కొనేవాడు స్టోర్ మాటగానే చదువుతాడు. నమ్మకం స్టోర్‌ది, రాత ఇంకొకరిది, తప్పు తేలితే పూచీ ఎవరిదీ కాదు.

పట్టుబట్టి అడిగితే ఏమవుతుందో చూపించే పాత కేసు ఒకటుంది. అమెరికాలో ఒకప్పుడు యాపిల్ స్టోర్‌లో తల్లో తండ్రో పాస్‌వర్డ్ ఒక్కసారి కొడితే, ఆ తర్వాత పదిహేను నిమిషాల దాకా మళ్లీ అడిగేది కాదు. ఆ పదిహేను నిమిషాల్లో పిల్లలు ఆటలో ఎన్ని కొన్నా డబ్బు పోతూనే ఉండేది. ఆ సంగతి పెద్దలకు ఎక్కడా తేటగా చెప్పలేదు. 2014లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పట్టుకుంటే, తల్లిదండ్రులకు కనీసం 3.25 కోట్ల డాలర్లు తిరిగి ఇస్తామని యాపిల్ ఒప్పుకుంది. అదే ఏడాది ఇలాంటి ఫిర్యాదు మీదే గూగుల్ కనీసం 1.9 కోట్ల డాలర్లు ఇవ్వవలసి వచ్చింది. చూడండి, అక్కడ కమిషన్ ఏ ఆట కంపెనీ వెంటా పడలేదు. వందల ఆటలకు గుమ్మమైన స్టోర్‌ను అడిగింది, పిల్లల వయసు ధ్రువపత్రాలూ అడగమనలేదు. డబ్బు తీసుకునే ముందు పెద్దల సమ్మతి స్పష్టంగా తీసుకోండి అంది, అంతే.

మన దగ్గర వెంటనే వినబడే మాట, "పిల్లలను చూసుకోవలసింది తల్లిదండ్రులు కదా" అని. కాదని ఎవరంటారు? అయితే ఆ తల్లిదండ్రులు ఎవరో, ఎక్కడున్నారో కూడా చూడాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణలో అక్షరాస్యత అన్నిటికన్నా తక్కువగా ఉన్న జిల్లా మన జోగులాంబ గద్వాల, నూటికి యాభై మంది కూడా లేరు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల నుంచి హైదరాబాద్‌కు, ముంబైకి, పుణెకు మట్టి పనికి, కట్టుబడి పనికి పోయే కుటుంబాలు ఎన్ని తరాలుగా ఉన్నాయో, పాలమూరు లేబర్ అన్న పేరు దేశంలో ఎక్కడెక్కడ వినబడుతుందో మీకు నేను చెప్పాలా? అమ్మా నాయినా పనికి పోతే పిల్లలు అవ్వ దగ్గర, తాత దగ్గర. ఆ పిల్లల చేతికి ఫోన్ ఇచ్చింది కూడా ఇంటివాళ్ల గారాబం ఒక్కటే కాదు. 2020 సెప్టెంబరు 1న మన రాష్ట్రంలో డిజిటల్ పాఠాలు మొదలైనప్పుడు దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో చూడమన్నారు. టీవీ లేని ఇంట్లో ఫోన్ తప్పనిసరైంది, దాని కోసం అప్పు చేసినవాళ్లూ ఉన్నారు. కరోనా కాలంలో 49 దేశాల ప్రభుత్వాలు పిల్లలకు సిఫారసు చేసిన చదువుల యాప్‌లను, వెబ్‌సైట్లను హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థ పరీక్షించి 2022 మేలో నివేదిక ఇచ్చింది. పదింట తొమ్మిది దాకా పిల్లల సమాచారాన్ని వాళ్ల హక్కులకు భంగం కలిగేలా వాడుతున్నాయని, లేదా వాడే వీలుందని తేల్చింది. పరీక్షించినవాటిలో మన కేంద్ర ప్రభుత్వపు దీక్షా కూడా ఉంది. సర్కారు చెప్పింది, సార్లు చెప్పారు, తల్లి యాప్ వేసింది. ఇందులో ఆమె ఎక్కడ జాగ్రత్త తప్పినట్టు?

ఇప్పుడు చట్టం సంగతి. 2023 ఆగస్టులో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ల లోపు వారందరినీ పిల్లలుగానే చూస్తుంది. వాళ్ల సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి రుజువయ్యేలా ఉండాలి. పిల్లల నడవడిని వెంటాడి గమనించకూడదు, వాళ్లను గురిపెట్టి ప్రకటనలు చూపకూడదు. మీరితే 200 కోట్ల రూపాయల దాకా జరిమానా. మంచి చట్టమే. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. కంపెనీల మీద అసలు బాధ్యతలు అమలుకు రావడానికి పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు. అయితే ఈ చట్టం సమాచారం తీసుకునేవాడి వెంట పడుతుంది గానీ, అతనికి కొట్టు ఇచ్చినవాణ్ని పేరు పెట్టి పిలవదు. ఎక్కడో విదేశంలో నాలుగు గదుల ఆఫీసులో ఉన్న ఆటల కంపెనీని ఈ చట్టాన్ని అమలుచేసే సమాచార రక్షణ బోర్డు ఎలా పట్టుకుంటుంది? దానికి మన దేశంలో చిరునామా ఉండకపోవచ్చు. స్టోర్‌కు ఉంది.

అమెరికాలో యూటా, టెక్సాస్ రాష్ట్రాలు 2025లో ఈ లోపాన్ని ఇంకో దారిలో పూడ్చబోయాయి. ప్రతి ఖాతాదారు వయసూ స్టోరే నిర్ధారించాలి, పిల్లలైతే ప్రతి డౌన్‌లోడ్‌కూ పెద్దల అనుమతి తీసుకోవాలి అన్నాయి. టెక్సాస్ చట్టం 2026 జనవరి 1న అమలుకు రావలసింది, వారం ముందు ఫెడరల్ న్యాయమూర్తి ఆపేశారు, భావప్రకటన స్వేచ్ఛకు అడ్డమవుతుందని. వాతావరణం చెప్పే యాప్ వేసుకోవడానికి కూడా గుర్తింపు కార్డు చూపించాలా అన్నది యాపిల్ అభ్యంతరం. కంపెనీ తన లాభం కోసమే అని ఉండవచ్చు, కానీ మాటలో పస ఉంది. పిల్లల గోప్యతను కాపాడే పేరుతో ఇంటిల్లిపాది ఆధార్ కార్డులూ రెండు కంపెనీల దగ్గర కుప్ప పోయడం నాకు నచ్చదు. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు చెప్పింది పెద్దలకు కూడా. పైగా మన ఇళ్లలో ఆ పద్ధతి పారదు. ఇంటికి ఒక్క ఫోన్, సిమ్ నాయిన పేరు మీద, జీమెయిల్ ఖాతా ఫోన్ అమ్మిన దుకాణంలో కుర్రవాడు తెరిచి ఇచ్చింది. పొద్దున అదే ఫోన్‌లో పత్తి ధర చూస్తారు, సాయంత్రం నాలుగో తరగతి పిల్ల ఆట ఆడుకుంటుంది. స్టోర్ లెక్కలో ఆమె నలభై రెండేళ్ల మగమనిషి. వయసు అడిగే చట్టం ఎంత గట్టిదైనా ఆ పిల్ల దాకా రాదు. అదే యాప్ మీద నియమం పెడితే, పిల్లల ఆట అని ముద్ర వేసుకున్నదేదీ కాంటాక్టులు, లొకేషన్, మైకు అడగకూడదు, ప్రకటనల కోసం వెంటాడకూడదు, ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడగాలి అంటే, ఫోన్ ఎవరి పేరు మీద ఉన్నా ఆ పిల్లకు రక్షణే. అప్పుల యాప్‌ల విషయంలో 2023లో జరిగింది అదే. ఎవరి వయసూ అడగలేదు, తీసుకోవడాన్ని ఆపారు.

స్టోర్‌ను బిగిస్తే మోసగాళ్లు బయటి నుంచి వస్తారు అన్నది మరో అభ్యంతరం. వస్తున్నారు కూడా. పీఎం కిసాన్ అని, పెళ్లి పత్రిక అని వాట్సాప్‌లో ఏపీకే అనే యాప్ ఫైళ్లు రావడం, నొక్కినవాళ్ల ఖాతాలు ఖాళీ కావడం తెలంగాణ పోలీసులు పదే పదే హెచ్చరిస్తున్న సంగతే. 2017లోనే మన రాష్ట్రం ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలను నిషేధించింది, 2025 ఆగస్టులో కేంద్రమూ చట్టం తెచ్చింది, అయినా బెట్టింగ్ లింకులు ఆగలేదు. కాబట్టి స్టోర్ నియంత్రణ వృథా అంటారా? తలుపు లేని పెరడు ఉందని వీధి తలుపు తీసిపెట్టుకోం. బయటి ఫైలు వేసుకోబోతే ఫోన్ ఒకసారి హెచ్చరిస్తుంది, మనిషి ఒక్క క్షణం ఆగుతాడు. స్టోర్‌లో దొరికినదాని దగ్గర ఎవరూ ఆగరు, అందుకే అక్కడి అబద్ధం ఎక్కువ దూరం పోతుంది. డబ్బు పోయినవాళ్లు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఎంత త్వరగా ఫోన్ చేస్తే అంత మంచిదని ఈ సందర్భంలో మళ్లీ చెబుతున్నాను.

నాకు బరువుగా తోచే అభ్యంతరం ఇంకొకటి. ఈ ఇద్దరు గుత్తేదారులకు ఇప్పటికే పెత్తనం ఎక్కువ. ప్లే స్టోర్‌లో చెల్లింపుల విధానం అన్యాయమంటూ 2022 అక్టోబరులో కాంపిటిషన్ కమిషన్ గూగుల్‌కు 936.44 కోట్ల రూపాయల జరిమానా వేసింది. అప్పీలులో 2025 మార్చిలో ఆ మొత్తం 216 కోట్ల చిల్లరకు తగ్గింది గానీ, పెత్తనం దుర్వినియోగమైందన్న మాట నిలిచింది. అలాంటి వాళ్ల చేతికే కాపలా కర్ర ఇస్తే, గిట్టనివాణ్ని భద్రత పేరు చెప్పి బయటికి నెట్టరా? నెట్టే ప్రమాదం ఉంది. అందుకే ఏది తీసుకోవచ్చు, ఏది తీసుకోకూడదు అన్న నియమం స్టోర్ రాయకూడదు, చట్టం రాయాలి, స్టోర్ అమలు చేయాలి. తీసేసిన ప్రతి యాప్‌కూ కారణం బహిరంగంగా చెప్పాలి, తీసేయించుకున్నవాడికి అప్పీలు ఉండాలి. హైదరాబాద్‌లో ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు చేసిన చిన్న యాప్ మీద బరువు పడుతుందన్న బెంగ కూడా ఉంది. పిల్లల కాంటాక్టులు అడగని యాప్‌కు ఈ నియమంతో పైసా ఖర్చు లేదు.

2000 నాటి ఐటీ చట్టంలో 79వ సెక్షన్ మధ్యవర్తులకు ఒక గొడుగు పట్టింది, ఇతరులు పెట్టినదానికి తగిన జాగ్రత్త తీసుకున్నంత వరకు వాళ్లు బాధ్యులు కారని. ఆ తగిన జాగ్రత్త ఏమిటో యాప్ స్టోర్ల వరకు విడమరిచి రాయడం కేంద్రం చేతిలో పని. డేటా భద్రత పట్టికలో రాసినదీ యాప్ చేసేదీ ఒకటేనా అని స్టోర్ స్వయంగా పరీక్షించాలి. మోసమని తీసేసిన యాప్ ఇప్పటికే వేసుకున్న ఫోన్‌లోంచి దానంతటది పోదు కాబట్టి, వేసుకున్న ప్రతివారికీ కబురు పెట్టాలి. అప్పుల యాప్‌లకైతే రిజర్వు బ్యాంకు 2025 జూలై నుంచి తన వెబ్‌సైటులో జాబితా ఉంచింది, అందులో లేనిదాన్ని స్టోర్ ఎందుకు చూపించాలి? ఇక సమ్మతి కోరే నోటీసు ఎనిమిదో షెడ్యూలు భాషల్లో దేనిలో కావాలంటే దానిలో ఇవ్వాలని సమాచార రక్షణ చట్టం ఎలాగూ చెబుతోంది, తెలుగు అందులో ఉంది. గద్వాల లెక్కలు చూశాం కదా, అచ్చులో తెలుగు చాలదు. మనవరాలి కోసం "సరే" అని నొక్కబోయే అవ్వకు ఆ నోటీసు గొంతులో వినబడాలని, కంపెనీలకిచ్చిన ఆ పద్దెనిమిది నెలల గడువు ముగిసేలోపే, మన ఎంపీలను అడగవలసి ఉంది.